తేలు కుట్టిన దొంగలు: తెలుగు తెర మీద బెడిసికొట్టిన దోపిడీ

ఒక ముఠా పథకం వేసి బ్యాంకునో నగల కొట్టునో కొల్లగొడుతుంది. పని అయిపోయిందని ఊపిరి పీల్చుకునే వేళకు సొమ్ము చేజారిపోతుంది. అక్కణ్నుంచి కథంతా ఆ సొమ్ము వెంట పరుగే. నేరచిత్రాల్లో బాగా స్థిరపడిన తరహాల్లో ఇదొకటి. తెలుగులో దీనికి మొదట చెప్పుకోవలసిన పేరు 1991 అక్టోబరు 9న విడుదలైన ‘క్షణ క్షణం’. ఆ తర్వాత ‘ఐతే’, ‘స్వామి రారా’, ‘దోచేయ్’, ‘మత్తు వదలరా’ లాంటివి వేర్వేరు కాలాల్లో వచ్చాయి. సంఖ్యలో ఇవి ఎక్కువేమీ కావు. కానీ వరసగా చూస్తే వీటన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. పాశ్చాత్య చిత్రాల్లో దోచినవాడి పతనమే కథ. మన సినిమాల్లో దోచినవాడు పక్కకు జరుగుతాడు. ఆ సొమ్ము దారితప్పి ఎవరి ఒళ్లో పడిందో ఆ అమాయకుడు, లేదా అరకొర దొంగ, కథకు నాయకుడవుతాడు. దోచినవాడి పరిస్థితి తేలు కుట్టిన దొంగది. తన దగ్గర దొంగసొత్తు పోయిందని ఏ స్టేషనులోనూ ఫిర్యాదు ఇవ్వలేడు. అందుకే వెతుకులాట చట్టం బయటే జరగాలి. ఈ తరహాకున్న ఊపంతా అందులోంచే పుడుతుంది.

బయటి ప్రపంచంలో

దోపిడీని దాదాపు ఒక కర్మాగారం పనిలా, అంచెలంచెలుగా చూపించడం 1950లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది అస్ఫాల్ట్ జంగిల్’తో గట్టిపడింది. జూల్స్ దసాన్ ఫ్రాన్సులో తీసిన ‘రిఫిఫి’ (1955)లో నగల దుకాణం దోపిడీ సుమారు అరగంట నడుస్తుంది. ఆ అరగంటలో మాట లేదు, సంగీతం లేదు. మరుసటి ఏడాది స్టాన్లీ కుబ్రిక్ ‘ది కిల్లింగ్’ తీశాడు. అందులో గుర్రప్పందేల మైదానంలో దోపిడీ గడియారం ముల్లు తిరిగినట్టు జరిగిపోతుంది. విమానాశ్రయంలో ఒక చిన్న కుక్క అడ్డం రావడంతో సామాన్ల బండి పక్కకు తిరుగుతుంది. సూట్‌కేసు కింద పడి తెరుచుకుంటుంది. విమానం పంకాల గాలికి నోట్లన్నీ రన్‌వే మీద ఎగిరిపోతాయి. లాకరు దగ్గర పొరపాటు లేదు, కాపలావాళ్ల దగ్గర పొరపాటు లేదు, మూత సరిగా పడని పెట్టె దగ్గర వచ్చింది. క్వెంటిన్ టరాంటినో ‘రిజర్వాయర్ డాగ్స్’ (1992)లో ఇంకో అడుగు ముందుకు వేసి అసలు దోపిడీనే చూపించలేదు. ముందు మాటలు, తర్వాత నెత్తురు, అంతే. హిందీలో సంజయ్ గుప్తా ‘కాంటే’ (2002) ఆ బాటలో నడిచింది. శ్రీరామ్ రాఘవన్ ‘జానీ గద్దార్’ (2007) మాత్రం ముఠాలో ఒకడు తోటివాళ్లనే ముంచితే ఏమవుతుందన్న ప్రశ్నను సొంత గొంతుతో అడిగింది.

తెలుగులో నేరకథకు పాఠకులు ముందే ఉన్నారు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో నలిగి నలిగి తిరిగాయి. అయితే డిటెక్టివ్ నవల అడిగేది ‘ఎవరు చేశారు’ అని. బెడిసిన దోపిడీ కథలో ఎవరు చేశారో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ‘ఇప్పుడెలా’ అన్నదే మిగిలే ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను పట్టుకుని మన సినిమా కథ అల్లడానికి చాలా కాలం పట్టింది. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’లో నిధి కోసం వేట ఉంది, ఒకరినొకరు మోసగించుకోవడం ఉంది. కానీ అది గుర్రాలు, తుపాకుల కౌబాయ్ లోకం. బస్సెక్కి ఆఫీసుకెళ్లే మనిషికి అందులో చోటు లేదు.

క్షణ క్షణం

రామ్‌గోపాల్ వర్మ సినిమాల్లోకి రాకముందు హైదరాబాదు అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపాడు. 1989లో వచ్చిన ‘శివ’ అతన్ని ఒక్కసారిగా పెద్ద దర్శకుణ్ని చేసింది. దాని తర్వాత అందరూ మరో ‘శివ’ వస్తుందనుకుంటే అతను దారి మార్చి ఒక పరుగు సినిమా తీశాడు. శ్రీదేవిని మెప్పించడానికే ఈ కథ రాశానని వర్మ ఎన్నోసార్లు బాహాటంగా చెప్పుకున్నాడు. అభిమాని అయిన దర్శకుడు తీసిన సినిమాలో కథానాయికను పీట మీద కూర్చోబెట్టి పూజిస్తాడని అనుకుంటాం. ఇక్కడ జరిగింది వేరు. ఆమె అడవిలో మట్టికొట్టుకుపోతుంది, అరుస్తుంది, అలుగుతుంది, ఆకలికి ఏడుస్తుంది. నవ్వు పుట్టించే బాధ్యత చాలావరకు ఆమె మీదే పడింది.

దుర్గా ఆర్ట్స్ పతాకం మీద కె.ఎల్.నారాయణ, వై.లక్ష్మణ చౌదరి నిర్మించిన ఈ చిత్రానికి ఛాయాగ్రహణం ఎస్.గోపాల్‌రెడ్డి, సంగీతం ఎం.ఎం.కీరవాణి. వెంకటేశ్ చందు అనే చిల్లర దొంగ. శ్రీదేవి సత్య అనే మధ్యతరగతి ఉద్యోగిని. పరేశ్ రావల్ ముఠా నాయకుడు నాయర్. రామిరెడ్డి ఇన్‌స్పెక్టర్ యాదవ్.

నాయర్ ముఠా బ్యాంకు కొట్టి కోటి రూపాయలు పట్టుకొస్తుంది. ముఠాలోనే ఒకడు ఆ సొమ్మును దాచేసి నాయర్‌కు టోపీ పెడతాడు. దాచిన చోటికి దారి చూపేది ఒక క్లోక్‌రూమ్ రసీదు. ఆ కాగితం ఫోటో స్టూడియోలో సత్య ఫోటోల కవరులోకి చేరుతుంది. ఆమెకు ఆ సంగతే తెలియదు. స్టూడియో నుంచి కవరు తీసుకుని ఇంటికి పోతుంది. వెతుక్కుంటూ ముఠా ఆమె ఇంటి మీద పడుతుంది. ఆ పెనుగులాటలో జరిగినదానికి హడలిపోయి, తానే హంతకురాలినైపోయానని బయటికి పరుగెత్తిన సత్యకు చందు తగులుతాడు. ముందు ముఠా, వెనక పోలీసు, ఇద్దరి మధ్య అడవి.

ఈ కథ బలమంతా ఆ రసీదులో ఉంది. కోటి రూపాయల పెట్టెను ఎవరూ కవరులో దాచలేరు. వేలెడంత కాగితాన్ని ఎక్కడైనా పెట్టొచ్చు, ఎవరి చేతికైనా పోవచ్చు, ఉన్నట్టు ఆ చేతికి కూడా తెలియకపోవచ్చు. ప్రేక్షకుడికి తెలిసి పాత్రకు తెలియని సంగతి అది. అందుకే సత్య మామూలుగా ఇంటి తలుపు తాళం తీస్తున్నా మనకు గుండె దడదడలాడుతుంది. దోపిడీని చూపించడానికి వర్మ ఎక్కువ సమయం తీసుకోలేదు. బ్యాంకు లోపల ఏ తాళం ఎలా తీశారన్న నేర్పరితనం మీద అతనికి ఆసక్తి లేదు. రసీదు చేతులు మారిన క్షణం నుంచే అసలు సినిమా మొదలవుతుంది.

నాయర్ పాత్రను మామూలు విలన్ల వరసలో పెట్టలేం. పగ, కులం, ఊరి పెత్తనం లాంటి అప్పటి తెలుగు విలన్ల సరంజామా ఏదీ అతనికి లేదు. అతనికి కావలసింది డబ్బు, అదీ తన డబ్బు. దోచి తెచ్చిన సొమ్మును తన కష్టార్జితంగా భావించి మోసపోయానని నిజాయతీగా బాధపడతాడు. పరేశ్ రావల్ ఆ బాధను పళ్లికిలించకుండా, అరవకుండా, వడ్డీ ఎగ్గొట్టినవాణ్ని వెతుక్కుంటూ వచ్చిన వ్యాపారిలా నటించాడు. నవ్వొస్తుంది, మరుక్షణం భయమూ వేస్తుంది.

అడవి ఘట్టాలు ఈ చిత్రానికి పేరు తెచ్చాయి. రాత్రి అడవిలో భయపడుతున్న సత్యను నిద్రపుచ్చడానికి చందు పాడే ‘జామురాతిరి’ పాటను సిరివెన్నెల సీతారామశాస్త్రి రాయగా బాలసుబ్రహ్మణ్యం, చిత్ర పాడారు. నేరచిత్రం నడిమధ్య జోలపాట పెట్టడం సాహసమే. అయినా పాట కథను ఆపలేదు. అప్పటిదాకా కలిసి పరుగెత్తిన ఇద్దరు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నది అక్కడే.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. తల్లాడ, ఏన్కూరు దాటి జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో పెరిగినవాళ్లకు అడవంటే ఎండాకాలంలో తునికాకు కోత, ఇప్పపూల ఏరివేత, పోడు చేలు, బీటు ఆఫీసరుతో తగవు. అక్కడ మనిషి దాక్కోవడం అంత సులభమేమీ కాదు, కొత్త మొహం కనిపిస్తే ఊరంతా ఆరా తీస్తుంది. పరుగు సినిమాల్లో అడవి సాధారణంగా మనుషులు లేని చోటు, పట్నం దొంగలకు వాడుకోవడానికి ఖాళీగా ఉన్న తెర. ఆ అడవిలో బతికేవాళ్ల చేతికి క్లోక్‌రూమ్ రసీదు దొరికితే ఏమవుతుందన్న కథను తెలుగులో ఎవరైనా రాస్తే చూడాలని ఉంది.

పతాక ఘట్టాలను నంద్యాలలో చిత్రీకరిస్తున్నప్పుడు శ్రీదేవి వచ్చిందని తెలిసి బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, బడులతో సహా ఊరు ఊరంతా స్తంభించిపోయిందని వర్మ తర్వాత రాశాడు. బ్యాంకు దోపిడీ సినిమా కోసం నిజం బ్యాంకులు మూతపడ్డాయన్నమాట. ఈ చిత్రానికి దర్శకుడిగా వర్మకు, నటిగా శ్రీదేవికి నంది పురస్కారాలు దక్కాయి. అంతకు ఏడాది ముందే సంగీత దర్శకుడైన కీరవాణికి ఫిలింఫేర్ వచ్చింది.

వర్మ చుట్టూ

తర్వాతి కొన్నేళ్లలో ఇదే ఆలోచన రకరకాలుగా తిరిగింది. 1993లో శివనాగేశ్వరరావు తొలి చిత్రం ‘మనీ’ని వర్మే నిర్మించాడు. ‘రూత్‌లెస్ పీపుల్’ (1986) అనే అమెరికన్ హాస్యచిత్రం దీనికి ఆధారం. డబ్బుకు కటకటలాడే ఇద్దరు కుర్రాళ్లు డబ్బున్న ఇంటావిడను ఎత్తుకుపోతారు. ఆ మొగుడేమో పీడా విరగడైందని సంబరపడతాడు. జయసుధ, పరేశ్ రావల్, జె.డి.చక్రవర్తి, చిన్నా ఇందులో నటించారు. బ్రహ్మానందం వేసిన ఖాన్ దాదా పాత్ర సినిమాను దాటి జనం మాటల్లోకి వెళ్లిపోయింది. కొల్లగొట్టింది సొమ్మును కాక మనిషినే అయినా పథకం తలకిందులయ్యే తీరు ఒకటే. అందుకే దీన్ని ఇక్కడ చేర్చక తప్పదు.

అదే ఏడాది మణిరత్నం తమిళంలో తీసిన ‘తిరుడా తిరుడా’ తెలుగులో ‘దొంగ దొంగ’గా వచ్చింది. రచనలో వర్మకు భాగం ఉంది. బదులుగా వర్మ తీసిన ‘గాయం’ రచనలో మణిరత్నం పాలుపంచుకున్నాడు. ‘దొంగ దొంగ’లో సొమ్ము వెయ్యి కోట్లకు పెరిగింది, కవరులో రసీదు బదులు నోట్ల కంటైనరు వచ్చింది. ఇద్దరు పల్లెటూరి చిల్లర దొంగలు దాని దారిలో తగులుతారు. పి.సి.శ్రీరామ్ కెమెరా, రహ్మాన్ పాటలు ఇప్పటికీ నిలిచాయి. కథ మాత్రం సొమ్ము బరువుకు కాస్త కుంగింది. వెయ్యి కోట్లంటే ప్రేక్షకుడి ఊహకు అందదు. కోటి అయితే, 1991లో, అందుతూ అందకుండా ఊరించేది.

1994లో నాగార్జున, శ్రీదేవిలతో వర్మ తీసిన ‘గోవిందా గోవిందా’ తిరుమల వెంకన్న కిరీటం దొంగతనం చుట్టూ తిరుగుతుంది. బ్యాంకు సొమ్ము పోతే బీమా ఉంటుంది, దేవుడి కిరీటానికి ఏముంటుంది? వస్తువు విలువ డబ్బులో కాక భక్తిలో ఉన్నప్పుడు కథకు మరో పదును రావాలి. ఆ అవకాశాన్ని ఈ చిత్రం సగమే వాడుకుంది. 1997 నాటి ‘అనగనగా ఒక రోజు’లో సొమ్ము స్థానంలో ఒక క్యాసెట్ వచ్చింది. ఇక్కడా అది సంబంధం లేని ప్రేమజంట నెత్తిన పడుతుంది.

తారలు లేని దోపిడీ

మన కథలు దొంగ నుంచి బాటసారి మీదకు ఎందుకు మళ్లాయంటే ముఖ్య కారణం తారలే. తెలుగులో పెద్ద హీరో దొంగగా కనిపించడానికి అభ్యంతరం లేదు. ఓడిపోయిన దొంగగా కనిపించడానికే ఉంది. పథకం బెడిసినవాడు వెర్రివాడైపోతాడు. అందుకే వెర్రివాడి పాత్ర విలన్‌కు, సొమ్ము హీరోకు పంచేశారు. సెన్సారు నిబంధనలు కూడా ఒక చెయ్యి వేశాయి. 1991 డిసెంబరు నాటి మార్గదర్శకాల ప్రకారం నేరస్థులు నేరం చేసే పద్ధతిని నేర్పే దృశ్యాలు ఉండకూడదు. ‘రిఫిఫి’లా అరగంట పాటు గోడ తొలిచే విద్యను చూపించడం ఇక్కడ ఎటూ కష్టమే.

2003 ఏప్రిల్ 11న వచ్చిన ‘ఐతే’ ఆ లెక్కను మార్చింది. గుణ్ణం గంగరాజు నిర్మాత, చంద్రశేఖర్ యేలేటి దర్శకుడు, ఇద్దరి వెనకా తారాబలం లేదు. ఉద్యోగాల్లేని నలుగురు కుర్రాళ్లకు డబ్బు ఆశ చూపి విమానం హైజాక్ చేయిస్తారు. దేశం దాటిపోవాలనుకుంటున్న మాఫియా నాయకుడు ఇర్ఫాన్‌ఖాన్ ఎత్తు అది. తమను పావులుగా వాడుకుంటున్నారని గ్రహించిన కుర్రాళ్లు అదే ఎత్తును అతని మీదకు తిప్పుతారు. ఇర్ఫాన్‌గా పవన్ మల్హోత్రా తక్కువ మాటలతో, చల్లని కళ్లతో నటించాడు. తెరమీద ఈ నలుగురిలో ఎవరికి ఏమైనా కావచ్చు, ఎందుకంటే వాళ్లు ఎవరో మనకు తెలియదు. తార లేకపోవడం ఈ తరహా సినిమాకు పెట్టుబడి లాంటిది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దీనికే దక్కింది.

2010లో క్రిష్ తీసిన ‘వేదం’ దోపిడీ చిత్రం కాదు, అయినా అందులో ఒక దొంగతనం ఈ చరిత్రకు పనికొస్తుంది. కేబుల్ రాజు (అల్లు అర్జున్) కొత్త సంవత్సరం పార్టీ పాసుల కోసం ఆసుపత్రిలో ఒక పేద కుటుంబం దగ్గర సొమ్ము కాజేస్తాడు. కిడ్నీ అమ్ముకుని తెచ్చిన సొమ్ము అది. ఇక్కడ పథకాన్ని చెడగొట్టింది కుక్క కాదు, పోలీసు కాదు, రాజు మనసు. పెద్ద హీరో దొంగతనంలో ఓడిపోయి తలదించుకున్న అరుదైన సందర్భం అది.

సుధీర్ వర్మ తొలి చిత్రం ‘స్వామి రారా’ (2013) జేబుదొంగల లోకంలో నడుస్తుంది. అనంతపద్మనాభస్వామి ఆలయం నుంచి కాజేసిన వినాయక విగ్రహం చేతులు మారుతూ నిఖిల్, స్వాతి దాకా వస్తుంది. 2011లో సుప్రీంకోర్టు ఆదేశం మీద తిరువనంతపురం ఆలయ నేలమాళిగలు తెరిచినప్పుడు దేశమంతా ఆ సంపద గురించే మాట్లాడుకుంది. ఆ వేడి చల్లారక ముందే సినిమా వచ్చింది. అదే దర్శకుడి ‘దోచేయ్’ (2015)లో బ్యాంకు కొట్టిన ఇద్దరు పంపకాల దగ్గర ఒకరినొకరు చంపుకోగా సొమ్ము మోసాలు చేసి బతికే నాగచైతన్యకు దొరుకుతుంది. మొదటి చిత్రంలో ఉన్న చురుకు ఇందులో లేదు.

అసలు దోపిడీలు, స్టువర్టుపురం మచ్చ

చట్టం దృష్టిలో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి చేసిన దోపిడీ వేరే నేరం, శిక్ష కూడా పెద్దది. భారతీయ శిక్షాస్మృతిలో అది 391వ సెక్షను. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 310వ సెక్షను. ఇందులో ఒక విశేషం ఉంది. చాలా నేరాలకు సన్నాహం మాత్రమే చేస్తే శిక్ష ఉండదు. ముఠా దోపిడీకి సన్నాహం చేసినా, అందుకోసం ఒకచోట గుమిగూడినా నేరమే. సినిమాల్లో బల్ల మీద మ్యాపు పరిచి చుట్టూ నిలబడే ఐదుగురు అప్పటికే శిక్షార్హులు.

మన దోపిడీ చరిత్రలో తరచు వినిపించే పేరు టైగర్ నాగేశ్వరరావుది. 1974 నాటి బనగానపల్లె బ్యాంకు దోపిడీతో అతని పేరు మారుమోగింది, 1980లో పోలీసుల చేతిలో చనిపోయాడు. అతని ఊరు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద ముద్రవేసిన ఎరుకల కుటుంబాల కోసం 1913లో సాల్వేషన్ ఆర్మీ అక్కడ స్థావరం ఏర్పాటు చేసింది. 1952లో ఆ ముద్ర చట్టం నుంచి తొలగింది, తెర మీద నుంచి తొలగలేదు. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవితో ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’, 2023లో వంశీ దర్శకత్వంలో రవితేజతో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. రెండోది ఆ చట్టం చేసిన అన్యాయాన్ని ప్రస్తావించింది. అయినా ఒక ఊరి పేరు వినగానే దొంగతనం గుర్తొచ్చేలా చేయడంలో సినిమాల వాటా చిన్నదేమీ కాదు.

నిజజీవితంలో దోపిడీ బెడిసే తీరు కుబ్రిక్ కథకే దగ్గర. 2025 జనవరి 16న కర్ణాటకలోని బీదర్‌లో ఏటీఎంలో నగదు నింపే సిబ్బంది మీద ఇద్దరు కాల్పులు జరిపి సొమ్ముతో మోటార్‌సైకిల్ మీద పారిపోయారు. ఒక ఉద్యోగి చనిపోయాడు. సాయంత్రానికి దొంగలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్ చేరుకుని రాయ్‌పూర్ బస్సు ఎక్కబోయారు. ట్రావెల్స్ వాళ్లు మామూలుగా అందరి సామాను చూసినట్టే వాళ్ల బ్యాగు చూడబోయారు. అక్కడ మళ్లీ కాల్పులు జరిగాయి, ట్రావెల్స్ మనిషి ఒకరు గాయపడ్డారు. పట్టపగలు, నడిరోడ్డు మీద ఆగని పథకం బస్సు సామాను తనిఖీ దగ్గర బద్దలైంది.

చిల్లర సొమ్ము

2019 నుంచి వచ్చిన కొన్ని చిత్రాల్లో సొమ్ము బాగా తగ్గింది, కుర్రాళ్ల జీతాలంత అయింది. వివేక్ ఆత్రేయ ‘బ్రోచేవారెవరురా’లో ముగ్గురు చదువు రాని స్నేహితులు తమ స్నేహితురాలితో కలిసి ఆమె తండ్రి సొమ్ము కోసమే కిడ్నాప్ నాటకం ఆడతారు. వాళ్ల కథ, ఒక కొత్త దర్శకుడి కథ వేరువేరుగా నడిచి ఒక డబ్బు సంచీ దగ్గర ఢీకొంటాయి. ఆ ముడి విప్పే చాతుర్యం చూసి తీరాలి. తరుణ్ భాస్కర్ ‘కీడా కోలా’ (2023)లో కూల్‌డ్రింకు సీసాలో దొరికిన బొద్దింకను అడ్డం పెట్టుకుని కంపెనీ నుంచి కోట్లు గుంజాలని చూస్తారు. దోచేది బ్యాంకు లాకరును కాదు, వినియోగదారుల చట్టాన్ని.

రితేశ్ రాణా తొలి చిత్రం ‘మత్తు వదలరా’ (2019 డిసెంబరు 25)లో పందెం ఐదు వందల రూపాయలు. సరుకులు ఇంటికి చేర్చే డెలివరీ బాయ్ (శ్రీసింహా) కష్టానికి తగ్గ జీతం లేక, స్నేహితుడి సలహాతో ఒక ముసలావిడ దగ్గర నోటు కొట్టేయబోతాడు. పెనుగులాటలో ఆవిడ కింద పడుతుంది. అక్కణ్నుంచి ఆ అపార్ట్‌మెంటులో శవాలు, మత్తుమందు, పక్క ఫ్లాటు. కాలభైరవ నేపథ్య సంగీతం, నటుడు సత్య హాస్యం ఆ కక్కుర్తికి ఒక వెర్రి వేగం ఇచ్చాయి. ‘క్షణ క్షణం’ సత్య చేతికి రసీదు పొరపాటున వచ్చింది. ఈ కుర్రాడు తన తప్పుకు తానే బాధ్యుడు, అయినా మన జాలి అతని మీదే. 2024 సెప్టెంబరులో వచ్చిన రెండో భాగంలో ఆ స్నేహితులిద్దరికీ ఉద్యోగాలు దొరికాయి. కిడ్నాపైనవాళ్లను విడిపించే ప్రభుత్వ బృందంలో చేరారు. అక్కడ కిడ్నాపర్లకు ఇవ్వాల్సిన సొమ్ములోంచి కొంచెం కొంచెం నొక్కేయడం మొదలుపెట్టారు.